అట్టిపెట్టుకునే జాబితాలో యజమాని పేరుండదు

కృష్ణగిరి దగ్గర పెద్ద రోడ్లన్నీ కలుస్తాయి. ఒకటి హోసూరు మీదుగా బెంగళూరుకు, ఇంకొకటి వేలూరు వైపు నుంచి చెన్నైకి, మరొకటి ధర్మపురి దాటి సేలంకు, నాలుగోది కుప్పం మీదుగా ఆంధ్రలోకి. ఆటల పిచ్చి ఉన్నవాళ్లకు ఇంతకంటే ప్రమాదకరమైన కూడలి దక్షిణాదిలో లేదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఉద్యోగం కర్ణాటకలో. అందుకని ఒకే ఇంట్లో తాత చెన్నై, మనవడు బెంగళూరు, కోడలు హైదరాబాదు. టీవీ మాత్రం ఒకటే.

ఐపీఎల్ జరిగే ఏప్రిల్, మే నెలల్లో ఈ తగువు ఎలాగూ ఉంటుంది. అసలు జాతర మాత్రం ఆట లేని నెలల్లోనే. ఎవర్ని అట్టిపెట్టుకున్నారు, ఎవర్ని వదిలేశారు అన్న జాబితా బయటికొచ్చిన రోజున హోసూరు టీకొట్లలో గ్లాసులు చల్లారిపోతాయి.

"ఏమన్నా, నటరాజన్ను ఇడిసిపెట్నారంట కదా?"

"ఇడిసిపెట్టక ఏం చేస్తారప్పా, వాని మోకాలు అంతంతమాత్రమే."

మోకాలి గురించి తేల్చి చెప్పినాయన సిప్కాట్ పారిశ్రామికవాడలో ఫిట్టరు. పక్కనున్న పూల వ్యాపారి ఆయనతో ఏకీభవించడు. ఎడమచేతి యార్కర్ విలువ ఎంతో, ఆ డబ్బుతో ఇంకెవర్ని కొనొచ్చో వేళ్ల మీద లెక్కేసి చెబుతాడు. వీళ్లను వెక్కిరించడం తేలిక. కానీ పది రూపాయల టీ మీద వీళ్లు చేసే పనినే వంద కోట్లు దాటిన పర్సు ముందు పెట్టుకుని, కోచ్‌లూ విశ్లేషకులూ ల్యాప్‌టాప్‌లతో సహా కూచుని ఫ్రాంచైజీలు చేస్తున్నాయి. ఫలితాలు కూడా ఇంచుమించు టీకొట్టు స్థాయిలోనే ఉంటున్నాయి. తేడా ఒక్కటే. ఫిట్టరు తన మాట తప్పితే మర్నాడు అదే బెంచీ మీద కూచుని తిట్లు తింటాడు.

2024 అక్టోబరు చివర్లో సన్‌రైజర్స్ హైదరాబాద్ ప్రకటించిన జాబితానే తీసుకుందాం. క్లాసెన్‌కు 23 కోట్లు, కమిన్స్‌కు 18, అభిషేక్ శర్మకు, ట్రావిస్ హెడ్‌కు చెరో 14, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి 6. ఐదుగురికి 75 కోట్లు. దీనికి పెట్టిన పేరు 'కోర్'. ఈ కోర్‌లో పట్టని ఇద్దరు బౌలర్లు భువనేశ్వర్ కుమార్, నటరాజన్. భువనేశ్వర్ 2014 నుంచి ఆ జట్టులో ఉన్నాడు, 2016, 2017లలో వరసగా రెండేళ్లు లీగ్ మొత్తంలో అత్యధిక వికెట్లు తీశాడు. నటరాజన్‌ది హోసూరువాళ్లకు సేలం రోడ్డు మీద పొరుగూరు లాంటి చిన్నప్పంపట్టి. వేలంలో ఇద్దరూ చెరో 10.75 కోట్లకు పోయారు, ఒకరు బెంగళూరుకు, ఒకరు ఢిల్లీకి. హైదరాబాద్ ఆ వేలంలోనే 10 కోట్లు పెట్టి మహమ్మద్ షమీని తెచ్చుకుంది.

ఇక 2025 సీజన్ ఏం చెప్పింది? భువనేశ్వర్ 17 వికెట్లు తీసి బెంగళూరుతో కప్పు ఎత్తాడు. షమీ తొమ్మిది మ్యాచ్‌ల్లో ఆరు వికెట్లతో సరిపెట్టాడు, తర్వాతి సీజన్ రాకముందే లక్నోకు బదిలీ అయ్యాడు. కాబట్టి వదిలెయ్యడం తప్పు అనబోతున్నారా? ఆగండి. నటరాజన్ ఢిల్లీకి ఆడింది రెండే మ్యాచ్‌లు. ఇద్దర్ని వదిలితే ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. నాణెం ఎగరేసినా ఇదే లెక్క వచ్చేది, పైగా నాణేనికి జీతం ఇవ్వక్కర్లేదు.

బెంగళూరు కథ ఇంకా తమాషా. ఏడు సీజన్లు ఆడిన హైదరాబాదు కుర్రాడు సిరాజ్‌ను వాళ్లు వదిలేశారు. గుజరాత్ 12.25 కోట్లకు ఎత్తుకుపోయింది. 2025 ఏప్రిల్ 2న సిరాజ్ చిన్నస్వామి స్టేడియానికే వచ్చి, పాత జట్టు మీద 19 పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడు. ఆ రాత్రి హోసూరులో సగం మంది బెంగళూరు యాజమాన్యానికి బుద్ధి లేదన్నారు. రెండు నెలలకు అదే యాజమాన్యం పద్దెనిమిదేళ్ల ఎదురుచూపు తర్వాత కప్పు గెలిచింది. సిరాజ్‌ను వదలడం వల్లే గెలిచామని మిగతా సగం అంది. ఈ విద్యలో గొప్పతనం ఇదే. ఏం జరిగినా, ముందే చెప్పామని చెప్పుకోవడానికి ఒకడు మిగులుతాడు.

కోల్‌కతా అయితే ఈ విద్యకు పరాకాష్ఠ చూపించింది. 2024లో కప్పు గెలిపించిన కెప్టెన్ శ్రేయస్ అయ్యర్‌ను వదిలేసింది. పంజాబ్ అతన్ని 26.75 కోట్లకు కొని మరుసటి ఏడే ఫైనల్‌కు చేరింది. ఇక వెంకటేశ్ అయ్యర్. 8 కోట్ల జీతం మీద ఉన్న మనిషిని ముందు వదిలేశారు. వదిలేసినవాణ్ణే వేలంలో 23.75 కోట్లకు కొనుక్కున్నారు. అతను 2025 సీజన్‌లో చేసినవి 142 పరుగులు. మళ్లీ వదిలేశారు. 2025 డిసెంబరు వేలంలో బెంగళూరు అతన్ని 7 కోట్లకు పట్టుకుపోయింది. సొంత ఎద్దును సంతకు తోలి, తనే మూడింతల ధర పాడుకుని, ఇంటికి తెచ్చి, మర్నాడు మళ్లీ సంతకు తోలిన రైతు సూళగిరి నుంచి బర్గూరు దాకా ఎవరికైనా తగిలాడా? తగిలితే ఊళ్లో అతనికి పిల్లనివ్వరు.

ఈ తెలివి మన దేశానికే పరిమితమనుకుంటే పొరపాటు. మాంచెస్టర్ యునైటెడ్ 2012లో పాల్ పోగ్బాను కాంట్రాక్టు ముగిసిందని పోనిచ్చింది. నాలుగేళ్లకు అప్పటి ప్రపంచ రికార్డు ధర, 8.9 కోట్ల పౌండ్లు పోసి వెనక్కి తెచ్చుకుంది. 2022లో కాంట్రాక్టు ముగిసిందని మళ్లీ ఊరికే వదిలేసింది. రెండుసార్లూ అతను చేరింది ఒకే క్లబ్బులో, యువెంటస్‌లో. చెల్సీ అటు డి బ్రూయినాను, ఇటు సలాను పనికిరారని అమ్ముకుంది. ఆ ఇద్దరూ తర్వాత ఇంగ్లండుకే తిరిగొచ్చి, ఒకరు మాంచెస్టర్ సిటీకి, ఒకరు లివర్‌పూల్‌కు లీగ్ కప్పులు కట్టబెట్టారు.

మరి లెక్కలు చూడరా అంటే, చూస్తారు. లెక్కలు తప్ప ఇంకేమీ చూడరు. ఐపీఎల్‌లో ఒక బౌలర్ లీగ్ దశ మొత్తం ఒక్క మ్యాచ్ వదలకుండా, పూర్తి కోటా వేసినా 14 మ్యాచ్‌లకు 336 బంతులు. అందులో నాలుగు క్యాచ్‌లు జారితే ఒక రంగు గ్రాఫు, పట్టుబడితే ఇంకో రంగు. ఆ గ్రాఫు చూపించి ఒక మనిషి పదకొండేళ్ల కొలువు తేల్చేస్తారు. ఆటగాడి మోచెయ్యి ఎలా ఉంది, కొత్త పిచ్ మీద బంతి ఆగుతుందా లేదా, అతనికి తోడుగా రెండో వైపు ఎవరు వేశారు, ఇవన్నీ గ్రాఫులో పట్టవు. పర్సుకు పరిమితి ఉంది, అందర్నీ ఉంచుకోలేరు, అది నిజమే. ఉంచుకోలేమని చెబితే ఎవరూ తప్పు పట్టరు. దాన్ని శాస్త్రమని చెప్పినప్పుడే నవ్వొస్తుంది.

శాస్త్రం ఎంత సాగుతుందో చూడాలంటే చెన్నై చాలు. అంతర్జాతీయ క్రికెట్‌కు దూరమై అయిదేళ్లు దాటిన భారత ఆటగాణ్ణి 'అన్‌క్యాప్డ్' కింద, అంటే దేశానికి ఆడని కుర్రాళ్ల లెక్కన, 4 కోట్లకు అట్టిపెట్టుకోవచ్చని పాత నిబంధనను బీసీసీఐ 2024లో తిరిగి బతికించింది. 2011 ప్రపంచ కప్పును సిక్సర్‌తో గెలిపించిన కెప్టెన్ ధోనీ ఆ దెబ్బకు ఇంకా దేశానికి ఆడాల్సిన ఆశావహుడైపోయాడు. 2022లో 12 కోట్లు పలికిన మనిషి 4 కోట్లకు దిగాడు. మిగిలిన డబ్బుతో కట్టిన జట్టు 2025లో పట్టికలో అట్టడుగున తేలింది, చెన్నై చరిత్రలో మొదటిసారి. కృష్ణగిరి తాతలు ఆ సీజన్‌లో టీవీ రిమోట్ మనవళ్లకు అప్పగించి మామిడి తోటల్లోకి వెళ్లిపోయారు.

ఫుట్‌బాల్‌లో వేలం లేదు, అందుకే ఈ జబ్బు లేదనుకునేవాళ్లుంటారు. అక్కడ మనిషి కాంట్రాక్టుతో ఉంటాడు. గడువు ఆరు నెలల్లోకి వచ్చిందంటే ఇంకో క్లబ్బుతో ముందే మాట్లాడుకోవచ్చు. ముగిసిందంటే పైసా ఇవ్వకుండా అతను నడిచి వెళ్లిపోవచ్చు. అంటే అట్టిపెట్టుకోవాలా అన్న ప్రశ్న రెండు వైపులా ఉంటుంది, ఆటగాడూ క్లబ్బును అట్టిపెట్టుకోవాలి.

హోసూరు నుంచి గంటన్నర దూరంలో, ట్రాఫిక్ దయతలిస్తే, కంఠీరవ స్టేడియం ఉంది. అక్కడ బెంగళూరు ఎఫ్‌సీ 2013లో పుట్టినప్పటి నుంచీ సునీల్ ఛెత్రీ ఆ జట్టు ముఖం. ముప్పై అయిదు దాటినప్పటి నుంచి ప్రతి వేసవిలోనూ అతన్ని పంపించెయ్యమని సలహాలిచ్చినవాళ్లకు లోటు లేదు. 2024 జూన్‌లో దేశపు జట్టుకు వీడ్కోలు చెప్పాడు. ఆ డిసెంబరులో, నలభయ్యేళ్ల వయసులో, కంఠీరవలోనే కేరళ మీద హ్యాట్రిక్ కొట్టాడు. సీజన్ ముగిసేసరికి లీగ్‌లో 14 గోల్స్, భారతీయుల్లో అందరికంటే ఎక్కువ. 2025 మార్చిలో దేశపు జట్టు కోచ్ మనోలో మార్కెజ్, వీడ్కోలు దండలు వాడకముందే, అతన్ని తిరిగి పిలిచాడు. కుర్రాళ్లలో గోల్ కొట్టేవాడు దొరకలేదు మరి.

ఈ మార్కెజే ఒకప్పుడు హైదరాబాద్ ఎఫ్‌సీ కోచ్. తెలుగువాళ్లు ఫుట్‌బాల్ పేరు చెప్పి కాలరెగరేసిన రోజులవి. 2022 మార్చి 20న గోవాలో లీగ్ ఫైనల్, ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్, మ్యాచ్ సమానమై పెనాల్టీల దాకా పోయింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ సీజన్‌లో ఒగ్‌బెచే 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. మరుసటి ఏడు జట్టు పట్టికలో రెండో స్థానం. ఎవర్ని ఉంచుకోవాలో చెప్పడానికి విశ్లేషకుడు కూడా అక్కర్లేని జట్టు, అందర్నీ ఉంచుకుంటే చాలు.

ఉంచుకోవాలంటే జీతాలివ్వాలి. ఆ చిన్న విషయం ఏ గ్రాఫులోనూ కనపడలేదు. మార్కెజ్ గోవాకు వెళ్లిపోయాడు. ఆకాశ్ మిశ్రా ముంబైకి, హాలిచరణ్ నర్జారీ బెంగళూరుకు, తర్వాత జనవరిలో చింగ్లెన్‌సనా, నిఖిల్ పూజారి కూడా బెంగళూరుకే. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే సర్దుకున్నారు. బాకీలు తీర్చనందుకు కొత్తవాళ్లను చేర్చుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. 2023-24లో కుర్రాళ్లతో నెట్టుకొచ్చిన జట్టు 22 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటి. ఆ ఒక్కటీ చెన్నైయిన్ మీద, అదీ చెన్నైలో. క్రికెట్‌లోనే కాదు, ఇక్కడా కృష్ణగిరి తాతల గాయం మీద కారం పడింది.

తర్వాత యాజమాన్యం మారింది. కొత్త యజమాని వచ్చాడు కదా, ఇక ఆటగాళ్లను నిలబెట్టుకుంటారని అభిమానులు లెక్కలేసుకున్నారు. 2025 అక్టోబరులో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది, పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. గచ్చిబౌలిలో పసుపు జెండాలు ఊపిన కుర్రాళ్లను ఏ జాబితాలో వేశారో ఎవరూ ప్రకటించలేదు.

బెంగళూరు, చెన్నైలు నవ్వుకునే వీల్లేదు. ఫెడరేషన్‌కూ లీగ్ నిర్వాహకులకూ మధ్య ఒప్పందం 2025 డిసెంబరుతో ముగుస్తుందని తెలిసి కూడా దాన్ని తేల్చలేదు. జులైలో లీగ్‌నే పక్కన పెట్టేశారు. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాళ్ల, సిబ్బంది జీతాలు ఆపేసింది. చెన్నైయిన్ తన కార్యకలాపాలకు తాళం వేసింది. ఆట లేని నెలల్లో ఎవర్ని ఉంచుకోవాలని తలలు పట్టుకోవాల్సిన కాలంలో, అసలు ఆటనే ఉంచుకోవాలా అన్న చోటికి వచ్చి కూచున్నారు పెద్దలు.

కబడ్డీ సంగతి క్లుప్తంగా చెప్పినా సరిపోతుంది. తెలుగు టైటాన్స్ తమ తొలి వెలుగు రాహుల్ చౌదరిని పోనిచ్చింది, ఖరీదైన పేర్లు తెచ్చింది, వరసగా మూడు సీజన్లు అట్టడుగున నిలిచింది. 2.6 కోట్లు దాటి కొన్న పవన్ సెహ్రావత్‌ను ముందు వదిలి, తర్వాతి వేలంలో 1.725 కోట్లకు మళ్లీ తనే తీసుకుంది. ఈ ఒక్క బేరంలో మాత్రం ఎద్దు సంత నుంచి లాభంగా తిరిగొచ్చింది, మెచ్చుకోవాలి.

అందుకే వచ్చే ఏడాది నుంచి ఫారం కొంచెం మార్చాలని టీకొట్టు పక్షాన ఒక విన్నపం. మొదటి గడిలో ఎప్పట్లాగే ఆటగాళ్లు. రెండో గడిలో, ఆ ఆటగాణ్ణి మూడింతల ధరకు కొనమన్నవాడి పేరు, పోయినేడు అతను చెప్పినవి, జరిగినవి. మూడో గడిలో జీతాలు ఎన్నో తేదీన పడ్డాయి. నాలుగో గడిలో యజమాని పేరు, ఉంచుకోవాలా, వదిలెయ్యాలా అన్న రెండు చదరాలు, సంతకం చెయ్యాల్సింది టిక్కెట్టు కొన్నవాళ్లు. గడువు అక్టోబరు 31 సాయంత్రం. ఒకవేళ ఏ యజమానీ వేలంలో అమ్ముడుపోకపోతే, నిబంధనలు ఉండనే ఉన్నాయి, అన్‌క్యాప్డ్ కింద 4 కోట్లకు రాసుకోవచ్చు.