ఎనిమిది మార్కుల సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: గురజాడ ‘దిద్దుబాటు’ కథలోని ఇతివృత్తాన్ని విశ్లేషించి, సందేశాన్ని సొంతమాటల్లో రాయండి. (8 మార్కులు)

అవతారిక: ఆదివారం భోజనానంతరం, పోయినేటి ప్రశ్నపత్రమును ఎదుట పెట్టుకొని, ప్రశ్నకర్త ఈ సూత్రమును దర్శించెను.

ప్రతిపదార్థం:

గురజాడ = 1862లో పుట్టి 1915లో పోయి, జవాబులో మొదటి పేరా నింపిపెట్టువాడు.

దిద్దుబాటు = 1910లో ‘ఆంధ్రభారతి’లో అచ్చయిన కథ. సానిపాటలు మరిగి అర్ధరాత్రి ఇల్లు చేరు గోపాలరావును భార్య కమలిని దారికి తెచ్చుట ఇందలి సంగతి. గౌణార్థమున, ఎర్ర సిరాతో మాస్టారు చేయునది. ఇదే తెలుగులో తొలికథ అని రాయుట సంప్రదాయం. 1902లోనే భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ వచ్చినది కదా అని వెనక బెంచీనుండి ఎవరైన లేచినచో, కూర్చోమనవలెను.

ఇతివృత్తాన్ని = స్త్రీవిద్య, సంఘసంస్కరణ, భర్తకు బుద్ధి అను మూడు గుళికలను.

విశ్లేషించి = వాటి కింద స్కేలుతో గీతలు గీసి.

సొంతమాటల్లో = ఇచట వ్యాఖ్యాతలకు వివాదము. గైడులోని మాటలని ప్రాచీనులు. వాట్సాప్ ఫొటోలోని మాటలని నవ్యులు. పిల్లవాడివే అని ఒకరిద్దరందురు గాని, దానికి ప్రయోగము కానరాదు.

8 మార్కులు = రెండు పేజీలు.

తాత్పర్యం: ఓ విద్యార్థీ, కథ చదివినను చదవకున్నను, దాని వలన నీవు బాగుపడితివని రాయుము.

విశేషాలు: చదువుకున్న స్త్రీని మించిన సృష్టి లేదన్న ధోరణిలో కథలో ఒక ఉపన్యాసం ఉంది. గైడులన్నీ దాన్నెత్తి గురజాడవారి సందేశమని రాస్తాయి. ఆ మాటలు ఎవరివి? గోపాలరావువి. ఎప్పటివి? పెళ్లాం పుట్టింటికి పోతున్నానని ఉత్తరం రాసిపెట్టి మాయమయ్యాక, కాళ్లూ చేతులూ ఆడక, నౌకరు రాముడి మీద ఝాడించినవి. దొరికిపోయిన మొగుడి నోట ఆదర్శం పలికించాడు మహానుభావుడు! అదంతా మంచం కింద నక్కి కమలిని వింటూనే ఉంది. సందేశం అబద్ధమని నేననను. పలికే మనిషిని చూడకుండా పలుకు ఒక్కటే కోసుకుపోతే కథ చచ్చిందంటాను.

ఆ ఉత్తరంలో సంబోధన ‘అయ్యా’. ప్రియుడు కాస్తా అయ్య అయిపోయాడు. గోపాలరావుకి గుండె జారింది అక్కడే. ఇతివృత్తమన్నది ఎక్కడైనా ఉంటే ఆ రెండక్షరాల్లో ఉందని ఈ వ్యాఖ్యాత మతం. గైడులో ఈ మాట లేదు. రాముడి యాసా లేదు. ‘రాముడు నమ్మకమైన సేవకుడు’ అని ఒక ముక్క ఉంది. వాడు ఎవరికి నమ్మకస్తుడో, ఎవరి గుట్టు ఎవరికి చేరవేశాడో మాత్రం చెప్పదు. వాడుక మాటల్లో నడిచిన కథకు జవాబు ‘తద్వారా’, ‘తత్ఫలితముగా’, ‘అనునది విదితమగుచున్నది’లతో ఉండటం అన్నిటికన్నా పెద్ద విశేషం.

శంక: కథాంతమున మంచం కింద కమలిని నవ్వును ఏ ఉపశీర్షికన రాయవలెను?

సమాధానం: పుట మిగిలినచో, ముగింపున ఒక వాక్యము.