ఖ్యాతి అక్కడ, ఖాతా ఇక్కడ

పూర్వం అప్పులు తీర్చలేనివాడు కాశీకి పోయేవాడు. ఇప్పుడు ఆస్ట్రేలియా పోతున్నాడు, అదీ కొత్త అప్పు చేసి.

2011లో హైదరాబాదు కంపెనీలకు అక్కడి బొగ్గు మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. లాంకో వారు కోలీ పట్టణం దగ్గరి గ్రిఫిన్ గనుల్ని 70 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా పోసి కొన్నారు. ఏరి కోరి కొన్నది అప్పటికే దివాలా తీసిన కంపెనీని. అదే ఏడు జీవీకే వారు 126 కోట్ల అమెరికా డాలర్లకు బేరం కుదుర్చుకుని గెలిలీ బేసిన్ అనే బొగ్గు ప్రాంతంలో, హాంకాక్ అనే అక్కడి కంపెనీ నిక్షేపాల్లో అడుగుపెట్టారు. బొగ్గు బోలెడంత. రేవుకు చేర్చే రైలే లేదు. దాదాపు 500 కిలోమీటర్ల పట్టాలు వేసుకోవాలి. ధర ఉన్నప్పుడు అనుమతులు రాలేదు, అనుమతులొచ్చేసరికి ధర లేదు.

అయితేనేం, వార్షిక నివేదికలు చూడాలి! మొదటి పేజీలో ప్రపంచ పటం, దాని మీద ఎర్ర చుక్క. ఆ చుక్కకు కట్టే వడ్డీ ఎంతో వెనకెక్కడో, చీమ తలకాయంత అక్షరాల్లో.

నాలుగు దేశాల్లో వ్యాపారముంటే ఇక్కడి నష్టాన్ని అక్కడి లాభం ఆదుకుంటుందని కన్సల్టెంట్లు చెబుతారు. మనవాళ్లు దాన్ని తిరగేసి చదివారు: అప్పు సింగపూర్‌లో పెట్టిన అనుబంధ కంపెనీ పేరిట, హామీ హైదరాబాదు కంపెనీది. ఆ హామీ పట్టుకుని ఐసీఐసీఐ బ్యాంకు వేసిన కేసులోనే 2024లో జీవీకే పవర్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. లాంకో అంతకాలం ఆగలేదు. 2017లో రిజర్వు బ్యాంకు ఏరిన 12 మంది పెద్ద బాకీదారుల్లో చేరి, 2018లో లిక్విడేషన్‌కు వెళ్లిపోయింది.

మరి విదేశాలకెళ్లిన మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్ బతకలేదా అంటారు. బతికింది. వాళ్లూ 2006లో 48 కోట్ల యూరోలకు జర్మనీలో బీటాఫార్మ్ అనే మందుల కంపెనీని కొన్నారు. అక్కడి ఆరోగ్య బీమా సంస్థలు టెండర్లు పెట్టి మందుల ధరలు కోసేస్తే చేతులు కాల్చుకున్నారు. కానీ అమెరికా, రష్యాల్లో మాత్రలమ్మిన డబ్బు అప్పటికే గల్లాపెట్టెలో ఉంది. వాళ్లు ముందు అమ్మడానికి వెళ్లారు, కొనడానికి తర్వాత. ఈ చిన్న తేడా కనిపెట్టడానికి ఎంబీఏ అక్కర్లేదు. బహుశా ఉంటేనే కనిపించదు.

ఇంతకీ గెలిలీలో బొగ్గు ఎవరికీ రాలేదనుకునేరు. వచ్చింది. అదానీ వారు తమ గనికి 200 కిలోమీటర్ల రైలు వేసుకుని 2021 చివర్లో బొగ్గును రేవుకు చేర్చారు. అదే ఏడు జులైలో జీవీకే చేతిలోని ముంబై విమానాశ్రయాన్నీ వాళ్లే తీసుకున్నారు.