ఇంక్లూడెడ్ బావగారు

బంజారా హిల్స్‌లో ఒక్కో రోడ్డు నంబరులో ఒక్కో రకం మనిషి ఉంటాడంటారు. ఇంక్లూడెడ్ బావగారు మాత్రం అన్ని నంబర్లలోనూ ఉంటారు. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. కానీ ఏది కొన్నా నోట్లోంచి వచ్చే మొదటి మాట ‘అన్నీ ఇంక్లూడెడేనా?’ కాబట్టి ఈ పేరే స్థిరపడింది.

ఆయన పిసినారి అనుకుంటే పొరపాటే. హోటల్ గుమ్మంలో కారు తాళాలు అందుకునే కుర్రాడి చేతిలో వంద నోటు పెట్టి, వాడి సలాము కూడా చూడకుండా లోపలికి వెళ్లిపోతారు. లోపల వెయిటర్ వంగి ‘రెగ్యులర్ వాటరా, బాటిలా సార్?’ అంటే మాత్రం వెన్ను నిటారవుతుంది. ‘రెగ్యులర్’ అని పక్క టేబులు దాకా వినపడేలా అంటారు. తాను ఇస్తే దానం, వాళ్లు అడిగితే దోపిడీ. బిల్లులో సర్వీస్ చార్జి కనపడిందా, 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఏం చెప్పిందో, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మాటను ఎలా సమర్థించిందో మేనేజరుకు నిలబెట్టి వినిపిస్తారు. పెళ్లిరోజు మరిచిపోయినా ఈ తేదీలు మరిచిపోరు.

ఆయన చదువు అలాంటిది మరి. కంప్యూటర్ కోర్సు నేర్చుకోవడానికి అమీర్‌పేట హాస్టల్లో దిగిన రోజుల్లో, కోర్సుతో పాటు భోజనం చేయడమూ అక్కడే నేర్చుకున్నారు. మెస్సులో టోకెన్ ఒక్కటే. అన్నం, పప్పు, సాంబారు ఎన్నిసార్లయినా. వడ్డించేవాడు అలసిపోవాలి గానీ తినేవాడు మొహమాటపడకూడదు. చేతిలో నాలుగు డబ్బులాడాక పంజాగుట్ట బిర్యానీకి ఎదిగారు. అక్కడా ధర్మం మారలేదు. ‘భాయ్, థోడా సాలన్’ అంటే సాలన్ వస్తుంది, ‘థోడా ప్యాజ్, నీంబూ’ అంటే ఉల్లిపాయ చక్రాలూ నిమ్మకాయ ముక్కలూ వస్తాయి. దేనికీ బిల్లు లేదు. భోజనం దగ్గర ఇంకొంచెం అనేది మనిషి జన్మహక్కని నమ్మి పెరిగిన జీవుడాయన.

అలాంటి మనిషి ఓడెక్కారు.

హైదరాబాదుకు సముద్రం లేదు. హుస్సేన్ సాగర్‌లో బుద్ధుడి దాకా బోటు టికెట్టు అరవై ఏళ్లు దాటిన వయసులో కూడా అంతే థ్రిల్లు ఇస్తుందని అత్తగారిని నమ్మించగలరు గానీ పెళ్లాం పిల్లల్ని నమ్మించలేరు. విశాఖ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి కార్డీలియా వారి ఎంప్రెస్ నడుస్తోందని తెలిసి బుక్ చేశారు. 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో ప్రయాణాలు మొదలుపెట్టిన ఓడ అది, 2021 సెప్టెంబరులో మన దేశంలో తిరగడం మొదలుపెట్టింది, 2022 జూన్‌లో విశాఖకు వచ్చింది. ఇవన్నీ బావగారు ముందే చదివేశారు. ట్రావెల్ ఏజెంట్ని అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే. ‘గది, షోలు, బఫే, పెద్ద డైనింగ్ హాలు, అన్నీ ఇంక్లూడెడే సార్’ అన్నాడు ఏజెంటు. అబద్ధం చెప్పలేదు. లేనిదాని గురించి మాట్లాడలేదు, అంతే.

మొదటి సాయంత్రం లిఫ్టు పక్కన బోర్డు కనపడింది. ప్రత్యేక వంటలకు విడిగా ఒక రెస్టారెంటు, మనిషికి ఇంత అని విడిగా డబ్బు. బావగారు ఆ బోర్డు ముందు తిరుపతి లడ్డూ కౌంటరు దగ్గర నిలబడ్డట్టు నిలబడిపోయారు.

‘తిండికి ఒకసారి కట్టాం కదా! ఇక్కడ తింటే అక్కడ తినంగా. అక్కడ మిగిలిన నా భోజనం ఎవరిది?’ అన్నారు.

‘ఓడవాళ్లది’ అంది భార్య.

‘అదే నేననేది. పోనీ, దాని ఖరీదు తగ్గించి ఇవ్వొచ్చుగా?’

ఆ రాత్రి పరిశోధన మొదలైంది. ఓడలో వైఫై కూడా విడిగా కొనాల్సిందే కాబట్టి, తీరం సిగ్నల్ అందినంతసేపూ డెక్కు మీద ఫోను పైకెత్తి చదివారు. ఈ రోగం కొత్తది కాదని తేలింది. 1905 నాటికే హాంబర్గ్ కంపెనీ వారి ‘అమెరికా’ అనే ఓడలో రిట్జ్ కార్ల్‌టన్ పేరుతో విడిగా డబ్బు కట్టి తినే రెస్టారెంటు ఉంది. 1912లో టైటానిక్‌లోనూ ఉంది. లూయిజి గాటి అనే ఇటలీ ఆయన నడిపాడు. మొదటి తరగతి వాళ్లు ప్రయాణమంతా అక్కడే తింటామంటే టికెట్టులో కొంత తగ్గించారట.

‘చూశావా? టైటానిక్ వాళ్లకున్న న్యాయం వీళ్లకు లేదు’ అన్నారు గదిలోకి వచ్చి.

‘అది మునిగింది కదండీ!’

‘మంచుకొండ తగిలి మునిగింది. డిస్కౌంట్ ఇచ్చి కాదు.’

మర్నాడు బఫేలో పగతో తిన్నారు. ముందు ఖాళీ ప్లేటుతో ఒక ప్రదక్షిణ. ప్రతి గిన్నె మూతా ఎత్తడం, ఆవిరిలోకి తొంగి చూడటం, మూసేయడం. అన్నం జోలికి పోలేదు. పెరుగన్నం ఇంట్లోనూ ఉంటుందట. రెండో ప్రదక్షిణలో రొయ్యలున్న చోట ఆగి, కూరలోంచి రొయ్యల్ని మాత్రం గరిటెతో నేర్పుగా వేరుచేసుకున్నారు. కొడుకు సిగ్గుపడి వేరే టేబులుకు మారాడు.

‘డాడీ, రెండు రోజుల్నుంచి ఇదే ఆలోచన. ఆ టైములో అక్కడ రెండుసార్లు తినేసేవాళ్లం’ అన్నాడు.

‘డబ్బు కాదురా, ప్రిన్సిపుల్’ అన్నారు బావగారు.

వాడికి తెలియనిదేమిటంటే, టికెట్టు చౌకగా కనపడాలనే ఓడవాళ్లు లాభాన్ని బారులోనూ కాసినోలోనూ స్పాలోనూ ఈ చిన్న రెస్టారెంట్లలోనూ దాచుకుంటారు. ఆ సంగతి బావగారికి బాగా తెలుసు. ఆయన కట్టించిన అపార్ట్‌మెంట్లో కార్ పార్కింగ్ ఇంక్లూడెడ్ కాదు.

సాయంత్రం కాపలా కాశారు. అద్దాల తలుపు ఇవతల సోఫాలో కూర్చుని, లోపల ఎన్ని టేబుళ్లు నిండాయో లెక్కపెట్టారు. బయటికి వచ్చేవాళ్ల మొహాలు చదివారు. ఒక పెద్దాయన్ని ‘ఎలా ఉందండీ?’ అని కూడా అడిగారు. ‘బాగానే ఉంది, కానీ...’ అన్నాడాయన. ఆ ‘కానీ’ పట్టుకుని, మన నిర్ణయమే రైటని సంతోషంగా లేచారు.

సరిగ్గా అప్పుడే జూబ్లీ హిల్స్ ఆయన తగిలారు. రోజూ పొద్దున కేబీఆర్ పార్కులో ఎదురుపడి నవ్వుకునే పరిచయం. కుటుంబంతో ఆ తలుపు తోస్తూ, ‘ఏంటండీ, మీరు ఇందులోకి రావట్లేదా? బఫేతోనే సరిపెట్టుకుంటున్నారా?’ అన్నారు.

రెండు రోజుల లెక్కలు, లూయిజి గాటి, ప్రిన్సిపుల్, అన్నీ సముద్రం పాలయ్యాయి. ‘అబ్బే, మేమూ అందుకే వచ్చాం’ అన్నారు బావగారు. నలుగురికీ టేబులు తీసుకున్నారు. భార్య మాత్రం ముందే ఆ రాత్రి పట్టుచీర కట్టుకుని ఉంది. ఆవిడకు బావగారు తెలుసు, అంతకన్నా బాగా కేబీఆర్ పార్కు తెలుసు.

వంటలు వచ్చాయి. పెద్ద పళ్లెం మధ్యలో చిన్న ముద్ద, దాని నెత్తిన ఒక ఆకు. బావగారు ఒక్కో ముద్దకీ మనసులో రేటు కట్టుకుంటూ దిగులుగా తిన్నారు. చివరికి తట్టుకోలేక వెయిటర్ని పిలిచి, గొంతు తగ్గించి, ‘థోడా ప్యాజ్, నీంబూ మిలేగా?’ అన్నారు. ఆ కుర్రాడు చిరునవ్వుతో వెళ్లి, చక్రాలుగా కోసిన ఉల్లిపాయా నాలుగు నిమ్మకాయ ముక్కలూ తెచ్చి పెట్టాడు.

‘దీనికి చార్జి?’

‘నో చార్జ్ సార్.’

బావగారి మొహం విచ్చుకుంది. ఉల్లిపాయ మీద నిమ్మకాయ పిండుకుని, జూబ్లీ హిల్స్ ఆయన టేబులు వైపు ఒకసారి చూసి, అక్కడ అవి లేవని రూఢి చేసుకుని, రెండో ప్లేటు తెప్పించారు.

ఇప్పుడు కేబీఆర్ పార్కులో ఎవరు క్రూజు మాటెత్తినా ఆయన సలహా ఒక్కటే. ‘స్పెషాలిటీ డైనింగ్ వదులుకోకండి. కాస్త ఖరీదే, కానీ ఉల్లిపాయ ఫ్రీ.’