ఆ పాట నా గురించే

‘సిరివెన్నెల’ క్యాసెట్టు 1986లో కొన్నాను. అందులో పాటలన్నీ నన్ను దృష్టిలో పెట్టుకునే రాశారని అప్పట్నించీ నా గట్టి నమ్మకం. సినిమాలో హీరోకి చూపు లేదు, వేణువు అద్భుతంగా వాయిస్తాడు. నాకు రెండు కళ్లూ భేషుగ్గా ఉన్నాయి, ఈల వెయ్యడం కూడా సరిగా రాదు. అయినా సరే, ఆ పాటలు నావే.

రాసిన సీతారామశాస్త్రిగారు అప్పటికి కొత్త. ఆ సినిమా పేరే తర్వాత ఆయనకు ఇంటిపేరైపోయింది. సినిమాల్లోకి రాకముందు టెలిఫోన్ శాఖలో ఉద్యోగం చేశారని తెలిసి మరీ పొంగిపోయాను. నేనూ గుమాస్తానే కదా. ఫైళ్ల దుమ్ము పీల్చినవాడికి తప్ప నా బాధ ఇంకెవరికి తెలుస్తుంది?

స్నేహితులంతా మహదేవన్ బాణీల గురించి, చౌరాసియా వేణువు గురించి మాట్లాడుకుంటుంటే నేను కళ్లు సగం మూసి, ‘సాహిత్యం, సాహిత్యం’ అనేవాణ్ణి. అర్థమై కాదు. సృష్టి మొదట్లో పుట్టిన నాదం మీద ఓ పాట ఉంది, బాలుగారూ సుశీలగారూ పాడింది, దానికి నంది కూడా వచ్చింది. అందులో ‘ప్రణవ’ అన్న మాట నాకు ‘ప్రణయ’ అని వినిపించేది. తప్పు కొంత మా టేపురికార్డరుది. రీలు చిక్కుపడ్డప్పుడల్లా పెన్సిలు దూర్చి తిప్పీ తిప్పీ, సరిగ్గా ఆ చోటికొచ్చేసరికి ఇద్దరికీ ఒకేసారి జలుబు చేసినట్టుండేది.

మా పెళ్లిచూపుల్లో అమ్మాయిని పాడమన్నారు. పాడనంది. ఎవరూ అడక్కుండానే నేను అందుకున్నాను. ‘ప్రణయ’ దగ్గర ఆగి, కొంచెం సాగదీసి, ఆవిడ వైపు ఓరగా చూశాను కూడా. మా మామగారు తెలుగు పండితులు. నా తప్పు ఆయన చెవికి ఆనలేదో, పెళ్లికొడుకు నోట్లో రాళ్లు ఏరకూడదనుకున్నారో గానీ, “ఈ వయసులో ఓంకారం మీద పాట ఎంచుకున్నాడంటే కుర్రాడు బుద్ధిమంతుడు” అనేశారు. సంబంధం ఖాయమైపోయింది. మర్నాడే శబ్దరత్నాకరం కొని ఆ మాట వెతుక్కుని, పుస్తకం మూసేశాను. మళ్లీ తెరిచిన గుర్తు లేదు. ఏటా వేసవిలో డాబా మీద మాగాయ ముక్కలు ఎండబెట్టినప్పుడు గుడ్డ ఎగిరిపోకుండా ఓ మూల బరువుగా మాత్రం పనికొస్తోంది.

అసలు సంగతి ఇది కాదు. అదే క్యాసెట్టులో ఒక నిందాస్తుతి ఉంది. తానే బిచ్చమెత్తుకునే దేవుణ్ణి మనమేం అడుగుతామని శివుణ్ణి దులిపేసే పాట. తిడుతూ పొగడడం మనవాళ్లకి కొత్తేం కాదు. రామదాసు జైల్లో కూర్చుని రాముడికి నగల లెక్కలు చెప్పాడు, కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళంలో దేవుడి మీద ఏకంగా శతకమే దులిపాడు. కానీ వాళ్లెవరికీ నా ఆఫీసు తెలియదు. శాస్త్రిగారికి తెలుసు. లేకపోతే పూలకేమో మూడునాళ్ల బతుకు, బండరాయికేమో చిరాయువు ఇచ్చాడని ఎందుకు రాస్తారు? పువ్వు నేను. బండరాయి మా హెడ్‌క్లర్కు. నాకు రావలసిన ప్రమోషను ఎగిరిపోయిన రోజు ఆ పాట పదకొండుసార్లు విన్నాను. చివర్లో బ్యాటరీలు నీరసించి బాలుగారు కూడా నాతో సమానంగా కుంగిపోయారు.

మొన్న వేసవిలో ఓ సాయంత్రం మా ఆవిడ వంటింట్లో గోరుచిక్కుళ్లు తుంచుతూ అదే పాట కూనిరాగం తీస్తోంది. ఇన్నేళ్లకి నా అభిరుచి ఈవిడకి అబ్బింది కదాని మురిసిపోయి, పక్కన పీట వాల్చుకుని పువ్వూ బండరాయీ కథంతా విప్పి చెప్పాను.

ఆవిడ చేతిలో పని ఆపలేదు. “ఆ పాట మీ గురించేనని నాకు పెళ్లయిన ఏడాదే తెలుసండీ” అంది.

“చూశావా!”

“అడిగేవాడు కాదు మీరు. ఆ దేవుడు మీరు.”

నాకు వెంటనే తలకెక్కలేదు. ఆవిడ నింపాదిగా చెప్పుకొచ్చింది. మొదటి సంక్రాంతికి మిక్సీ అడిగితే నేను టేపురికార్డరు హెడ్డు తుడుచుకునే సీసా, పాటల పుస్తకం తెచ్చానట. అలాంటాయన్ని ఇంకేం అడుగుతాం? పెరట్లో తను వేసిన చామంతులు మూడు రోజులు బతకలేదు, అటక మీద పాడైపోయిన నా టేపురికార్డరుకి మాత్రం చావు లేదు. మరి ఉరిమే మబ్బుకి మెరుపులు అద్దాడని ఉందే, అదేమిటన్నాను, అక్కడైనా దొరక్కపోతుందా అని.

“కాఫీ ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఉరిమేదెవరు? అరవై దాటాక జుట్టుకి రంగేసుకుని మెరిసేదెవరు?”

మా అమ్మాయి పక్కగదిలోంచి కిసుక్కున నవ్వింది. అంటే వాళ్లిద్దరూ ఇది ఎప్పుడో మాట్లాడేసుకున్నారన్నమాట.

“నింద సరే, స్తుతి ఏదీ?” అన్నాను, కాస్త బింకంగా.

మా ఆవిడ ఓ గోరుచిక్కుడు పీచు తీసి పక్కన పెట్టి, ఆలోచించి, “మీ గొంతు బాగుంటుందండీ. పెళ్లిచూపుల్లో పాడారే, ఆ ప్రణయం దగ్గర, నాన్నగారు నవ్వాపుకోలేక ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నారు గానీ, నాకు మాత్రం భలే నచ్చింది” అంది. ఆ వెంటనే, “చినుకులు పడేలా ఉన్నాయి, ఆ మాగాయ ముక్కలు కాస్త కిందకి తెచ్చిపెడుదురూ” అని కూడా అంది.

గొంతు బాగుంటుందన్న మాట చెవిలో మోగుతుండగా రెండేసి మెట్లు ఎక్కేశాను. డాబా మీద శబ్దరత్నాకరం పక్కకి తీసి, గుడ్డ నాలుగు మూలలూ దగ్గరికి పట్టుకున్నాక గుర్తొచ్చింది. శివుడు పొగిడితే ఉబ్బిపోతాడని కూడా ఆ పాటలోనే ఉంది.