బాల్కనీలో మనిషి

మా ఆవిడ లెక్క ప్రకారం మా ఇంట్లో మగాళ్ళు ఇద్దరు. హాల్లో ఒకాయన, బాల్కనీలో ఒకాయన. హాల్లో ఆయన "ఏమిటోయ్, కాఫీ అయిందా?" అంటాడు. ఊళ్ళోంచి అమ్మ ఫోన్ చేస్తే చాలు, బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని "ఏటే అమ్మా, బువ్వ తిన్నావేటి?" అంటాడు. "ఆ రెండో ఆయన బాగున్నాడండీ, ఓసారి లోపలికి పిలవరాదూ" అంటుంది. తనది తెనాలి. పాఠ్యపుస్తకాలు వాళ్ళ పక్కింట్లోనే రాసినట్టుంటాయి కాబట్టి, ఏ ఊరెళ్ళినా నోరు మార్చుకునే పని పడలేదు.

మాది వంశధార ఒడ్డు, శ్రీముఖలింగం పక్క పల్లె. హైదరాబాదు హాస్టల్లో దిగిన మొదటి సాయంత్రం మెస్సులో "సాంబారు నేదేటి?" అన్నాను. అంతే, బల్ల బల్లంతా నవ్వు. ఒకడికి మజ్జిగ ముక్కులోంచి వచ్చింది. సినిమాల్లో మా మాట మాట్లాడేవాడు పనివాడైనా అయ్యుండాలి, జేబుదొంగైనా అయ్యుండాలి. నాకు ఆ పూటే రెండు వేషాలూ ఇచ్చేశారు. ఆ రాత్రి నుంచి రేడియో వార్తలు పెట్టుకుని నోరు కడుక్కోవడం మొదలెట్టాను. "నేదు" కాస్తా "లేదు" అవడానికి వారం. "ఎల్లిపోనాడు" "వెళ్ళిపోయాడు" అవడానికి ఆర్నెల్లు. "బేగి" ఒక్కటే లొంగలేదు. దాని బదులు ఏమనాలో ఆలోచించుకునేలోగా బస్సులు వెళ్ళిపోయేవి.

ముప్పయ్యేళ్ళు ఎవరికీ దొరకలేదు. "మీది విజయవాడా?" అని అడిగితే అవుననకుండా, కాదనకుండా నవ్వేవాణ్ణి.

మొన్న ఆగస్టు 29న మా అపార్ట్‌మెంట్ వాళ్ళు తెలుగు భాషా దినోత్సవం పెట్టి నన్ను మాట్లాడమన్నారు. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. 1863లో మా వైపే, పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల భాష వాళ్ళ నోటివెంట విని నేర్చుకుని, దాని మీద 1931లో పుస్తకం అచ్చేయించిన మనిషి. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని పండితులందరితో పేచీ పెట్టుకున్న మనిషి. అలాంటాయన గురించి నేను "గిడుగువారు వ్యావహారిక భాషోద్యమమునకు ఆద్యులై భాసిల్లిరి" అని ఎత్తుకుని, ఇరవై నిమిషాలు కిందికి దిగలేదు. పైన ఆయన చేతికర్ర వెతుక్కుని ఉంటారు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ఆయన మీద నాకూ ఓ చిన్న ఫిర్యాదుంది. ఆయన అడిగింది శిష్టులు మాట్లాడే తెలుగు. తీరా చూస్తే ఆ శిష్టుల్లో ఎక్కువమంది కృష్ణా గోదావరుల ఒడ్డున తేలారు. పోరాటం మాది, పంట వాళ్ళది.

సభయ్యాక మా వాచ్‌మన్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ అడిగాడు. "ఆ బాబు మనోడేనేటండి?"

"అవునయ్యా, శ్రీకాకుళం జిల్లా వారే" అన్నాను. నాలుగడుగులు వేశాక గానీ వెలగలేదు. మనోడా? వెనక్కి వచ్చాను. "మనోడు అన్నావేం?"

"మీ యమ్మతోటి మాటాడతారు కదండి. కిందకి సుబ్బరంగా ఇనబడతాది. మాది పలాస."

ఇన్నేళ్ళూ పూలకుండీల నీళ్ళతోపాటు నా గుట్టు కూడా మూడో అంతస్తు నుంచి కిందకి కారుతోందన్నమాట.

ఇంకెందుకు దాపరికం, ఇకమీదట హాల్లో కూడా నా మాటే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే తలుపులన్నీ తెరిచిపెట్టి, సోఫాలో కూర్చుని, అమ్మకి నేనే ఫోన్ చేశాను. మా ఆవిడ చిక్కుడుకాయలు పక్కన పెట్టి మరీ వచ్చి కూర్చుంది. గొంతు సవరించుకుని, పక్క ఫ్లాట్‌కి కూడా వినపడేలా అందుకున్నాను. "ఓలమ్మో! ఏటి సేస్తన్నావే? బేగి లెగిసి సోడంబలి తాగేసినావేటి?"

అవతల కాసేపు చప్పుడు లేదు.

"ఎవులు బాబూ?" అంది అమ్మ.

"నానే అమ్మా!"

"ఏట్రా ఆ మాటలు? సినిమాలో జోకరు నాగ!"

మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను మొహం చెల్లక, అలవాటుగా బాల్కనీ వైపు నడిచాను. గడప టపీమని కాలి చిటికెనవేలికి తగిలింది. నోట్లోంచి ఏమొచ్చిందో ఇక్కడ రాయను. శిష్టం కాదు.

"ఆఁ, ఇప్పుడు నువ్వే" అంది అమ్మ. "సెప్పు, ఏటి తిన్నావు?"