పది కోట్ల చుక్కల గుంత

కాలనీల్లో పొద్దుటి వాకింగ్‌కు వెళ్లేవారి మెడలో ఇదివరకు మఫ్లర్ ఉండేది. ఇప్పుడు కొందరి మెడలో మీడియం ఫార్మాట్ డిజిటల్ కెమెరా వేలాడుతోంది.

ఫ్యూజీ జీఎఫ్ఎక్స్ 100ఎస్. 102 మెగాపిక్సెళ్లు. సెన్సరు 43.8 మిల్లీమీటర్లు బై 32.9. లెన్సుతో కలిపి ఖరీదు చిన్న కారంత.

తీసేది? వీధి చివర గుంత.

అడ్డంగా 11,648 చుక్కలు, నిలువుగా 8,736. కంకర రాయి రాయీ లెక్కపెట్టుకోవచ్చు. తారు ఎంత పలచగా పోశారో కాంట్రాక్టరు తర్వాత ఈ కెమెరాకే తెలుసు. గుంతదీ గొప్ప సహకారమే. ఏళ్ల తరబడి కదలకుండా పోజిస్తోంది. ఇంత ఓపికున్న మోడల్ ఏ స్టూడియోలో దొరుకుతుంది?

మరి వాకింగో? డాక్టరు చెప్పిన అరగంటా గోడ మీది పిల్లి దగ్గరే అయిపోతుంది.

పక్కింటావిడ ఒకటే అడిగింది: "ఏమండీ, ఇంటిపన్ను సర్వేనా?" జవాబు వినకుండానే గేటు గడియ పెట్టేసుకుంది.

ఇంటికొచ్చి ఫైలు తెరిస్తే కంప్యూటర్‌కు ఆయాసం. నడిచొచ్చిన మనిషికి లేదు లెండి, నడిస్తే కదా!

ఆఖరికి ఆ కళాఖండం చేరేది ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుకు. వాట్సాప్ దాన్ని నలిపి, పిండి, పిసరంత చేసి పంపుతుంది. మేనత్త పగిలిన స్క్రీన్ మీద చూసి, "గుడ్ మార్నింగ్ నాన్నా, పువ్వుల ఫొటో లేదా?" అంటుంది.

అయ్యా, గుంత మీద ఫిర్యాదుకు మామూలు ఫోన్ ఫొటో చాలు. ఎన్ని మెగాపిక్సెళ్లతో పెట్టినా పూడ్చేది ఎన్నికల ముందే.