ముందు చలి కొనుక్కోండి

గన్నవరం విమానాశ్రయం పక్కనున్న ఉంగుటూరు మండలానికి ఈమధ్య చలి వచ్చింది. ఉత్తరాది నుంచి కాదు, ఇంటి ప్లానులోంచి. న్యూజెర్సీ అబ్బాయి అక్కడి హాలు ఫొటో తీసి పంపుతాడు. ఇక్కడ మేస్త్రి గోడలో గూడు కట్టి, శ్లాబుకు కన్నం పెట్టి, పొగగొట్టం లేపుతాడు. అగ్ని గనక ఆగ్నేయంలో ఉండాల్సిందేనంటాడు సిద్ధాంతి. అక్కడికి ఫైర్‌ప్లేస్‌కు శాస్త్రసమ్మతి కూడా దొరికింది. ఇక లోటల్లా చలే.

జనవరి తెల్లవారుజామున ఇక్కడ 17, 18 డిగ్రీలుంటుంది. మంకీ క్యాపు పెట్టుకుని, గ్లాసుడు టీ తాగితే తీరిపోయే చలి. తొమ్మిదయ్యేసరికి ఆ క్యాపు కూడా బరువే.

గూడు కట్టాక అసలు బెంగ మొదలవుతుంది. తెరిచిన గూట్లో మంట వేస్తే వేడిలో ముప్పాతిక మించి పొగతోపాటే ఆకాశానికి పోతుంది. పోతూ పోతూ గదిలోని వెచ్చటి గాలినీ లాక్కుపోతుంది. చలిదేశాల వాళ్లు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టి, గూట్లో ఇమిడే ఇనుప పెట్టె, దానికి అద్దం తలుపు, పైదాకా స్టీలు గొట్టం బిగించుకున్నారు. దాన్ని ఇన్సర్ట్ అంటారు. ఇప్పుడు మనవాళ్లు అడుగుతున్నది, చవకలో మంచి ఇన్సర్ట్ ఏదని!

పెట్టె, గొట్టం, బిగింపు కలిపి అమెరికాలోనే వేల డాలర్లవుతుంది. ఆపైన ఓడ కిరాయి, సుంకం, బిగించడం తెలిసిన మనిషిని వెతికే ఖర్చు. పోనీ, అన్నీ కుదిరి అది పనిచేసిందే అనుకోండి, అప్పుడు మరీ కష్టం. పావుగంటలో ఇంటిల్లిపాదీ చెమటలు కక్కుతూ వరండాలోకొచ్చి కూర్చుంటారు.

“కట్టెకేం లోటండీ, తోట మనదేగా” అంటారు. నిజమే, నూజివీడు వైపు ముసలి మామిడి తోటలు కొట్టేసి పామాయిల్ వేస్తున్న రోజులు. చిన్నరసాలు కాసిన చెట్టును చివరికి హాల్లో అద్దం వెనక తగలబెట్టి చూసుకోవడం కూడా ఒక రకం కృతజ్ఞతే కాబోలు. అయితే ఆ పెట్టెకు పచ్చికట్టె పనికిరాదు, తేమ 20 శాతానికి దిగాలి. మనం కొమ్మలు కత్తిరించేదేమో కోతలయ్యాక, జూన్, జులైల్లో. అంటే ఆరబెట్టాల్సింది వానాకాలంలో. ఆరని కట్టె పెడితే గొట్టం లోపల తారు పేరుకుని, ఒకనాడు అదే అంటుకుంటుంది.

నవ్వులాటకు ఇక్కడితో సెలవు. తడికట్టెల ముందు ఊదుగొట్టం పట్టి మన అమ్మలూ అత్తలూ కళ్లు మంటపుట్టించుకున్న ఊళ్లివి. ఆ పొగ వదిలించడానికే 1999లో దీపం పథకం కింద ఆడవాళ్లకు గ్యాస్ కనెక్షన్లిచ్చారు. 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో దీపం-2 మొదలుపెట్టి, ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమన్నారు. పెరటి గుమ్మంలోంచి గెంటేసిన ఆ పొగకు ఇప్పుడు వీధి గుమ్మంలో హారతి పడుతున్నాం. పూరింట్లో పొగ వెనకబాటుతనం, విల్లాలో పొగ యాంబియన్స్. బూడిద ఎత్తేది మాత్రం రెండుచోట్లా ఆడమనిషే. కట్టె పుష్కలంగా ఉన్న అమెరికా కూడా 2020 మే నుంచి కొత్తగా అమ్మే కట్టెల పొయ్యి గంటకు రెండు, రెండున్నర గ్రాములకు మించి పొగనలుసు వదలకూడదని కట్టడి చేసింది. ఫొటోలో ఆ నియమం కనిపించదు మరి.

పొగ మీద అంత మమకారముంటే తోటలోకి పట్టుకెళ్లండి. ఫిలిప్పీన్స్ రైతులు మామిడిచెట్ల కింద రోజుల తరబడి పొగబెట్టి పూత రప్పించేవారు. 1970ల్లో పొటాషియం నైట్రేట్ పిచికారీ వచ్చాక వాళ్లూ ఆ యాతన తగ్గించుకున్నారు. మన రైతూ అదే మందు లీటరుకు 10 గ్రాముల చొప్పున కలిపి కొడుతున్నాడు.

గూడు ఎలాగూ కట్టేశారు కనక పొగగొట్టం మీద ఒక రేకు మూయించండి. పైనుంచి వాన, పావురాలు, మే నెల వడగాడ్పు అన్నీ తిన్నగా హాల్లోకే దిగుతున్నాయి. ఏసీ చల్లబరచడం లేదని మెకానిక్‌ను తిట్టడం అన్యాయం.